నిమ్మకాయ చక్రానికి, హెల్మెట్ అద్దానికి

కొత్త బైక్‌కి మొదటి సర్వీసింగ్ కంటే ముందు జరిగేది పూజ. వైజాగ్‌లో అయితే సంపత్ వినాయకుడి గుడి, హైదరాబాద్‌లో అయితే పెద్దమ్మ తల్లి గుడి. ట్యాంకు మీద పసుపు కుంకుమ, హ్యాండిల్‌కి దండ, చక్రాల కింద నిమ్మకాయలు. షోరూమ్ నుంచి ఎంత స్టైల్‌గా తెచ్చినా, ఆ నిమ్మకాయలు చితికేదాకా అమ్మ దృష్టిలో అది ఇంకా మన బండి కాదు.

నాది కోడ్ రాసే ఉద్యోగం. ఇవన్నీ నమ్ముతావా అంటే నమ్మననే చెప్తాను. కానీ దసరాకి ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టేదీ నేనే, శుక్రవారం సాయంత్రం కొత్త కోడ్ లైవ్‌లోకి పంపాలంటే జంకేదీ నేనే. (దీనికి శాస్త్రీయ కారణం ఉందిలెండి, వీకెండ్ పోతుంది!)

అందుకే వేరేవాళ్ల బండ్ల మీద ఏం కట్టి ఉన్నా నవ్వను. నంబర్ కూడితే 8 రాకూడదట, అది శనిది. 9 వస్తే అదృష్టం. 9999 కోసం ఆర్టీఏ వేలంలో లక్షలు పోసేవాళ్లున్నారు. ఇక హ్యాండిల్‌కి లడఖ్ జెండాలు. అవి బౌద్ధుల ప్రార్థన జెండాలు. నీలం ఆకాశం, తెలుపు గాలి, ఎరుపు నిప్పు, ఆకుపచ్చ నీరు, పసుపు భూమి. జెండా ఊగితే ఆ ప్రార్థన గాలితో పాటు అందరికీ చేరుతుందని అక్కడివాళ్ల నమ్మకం. మన దగ్గర మేడ్చల్ దాటని బండ్లకీ ఉంటాయనుకోండి, అది వేరే విషయం.

రేసర్లకీ ఈ పిచ్చి ఉంది. 9 సార్లు ప్రపంచ చాంపియన్ వాలెంటినో రోసీ ట్రాక్‌లోకి వెళ్లే ముందు బండి పక్కన గొంతుక్కూర్చుని, ఫుట్‌రెస్ట్ పట్టుకుని తల వంచేవాడు. ఆ తల మీద అప్పటికే హెల్మెట్ ఉండేది.

మా రూమ్మేట్ బండికి అన్నీ ఉండేవి. నల్లదారం, గవ్వలు, ప్రతి శనివారం మార్చే నిమ్మకాయ మిరపకాయలు. హెల్మెట్ కూడా ఉండేది, అద్దానికి తగిలించి. "ఊళ్లోనే కదరా" అనేవాడు. ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో ఒక రాత్రి డివైడర్ తగిలింది. బండికి పెద్దగా ఏమీ కాలేదు.

స్టేషన్ నుంచి ఆ బండి తీసుకురావడానికి వాళ్ల నాన్నతో నేనే వెళ్లాను. నల్లదారం చెక్కుచెదరలేదు. తెంపి పారేస్తారేమో అనుకున్నాను. ఆయన నెమ్మదిగా ముడి విప్పి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. అది కట్టింది వాళ్లావిడ.

ఆ తర్వాత అమ్మ ఏం కట్టినా వద్దనలేదు. పోయిన దసరాకి బండి కడిగి పెట్టి, హెల్మెట్ కూడా తెచ్చి ముందు పెట్టాను.

"దీనికి కూడానా?" అంది.

"ముందు దీనికే."

ఐఎస్ఐ స్టిక్కర్ పక్కనే బొట్టు పెట్టింది.