వస్తాయి, పోవు!

రండి, కూర్చోండి. కాఫీ వచ్చేలోపు ఓ మాట అడుగుతాను. మీ ఇంట్లో గానీ ఆఫీసులో గానీ బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని, అందులో థండర్‌బర్డో ఔట్‌లుక్కో తెరిచి ఉత్తరాలు రాసే జాతి ఇంకా మిగిలే ఉందా? ఉంటే ఈ కబుర్లు మీకోసమే. మెయిలంతా ఫోనులోనే చూసుకునే కుర్రకారు అలా బజారుకెళ్లి పెసరట్టు తిని రావచ్చు.

ఈ జాతిలో ఆడిటర్లున్నారు, ప్రింటింగ్ ప్రెస్సు వాళ్లున్నారు, పత్రికలకు వ్యాసాలు పంపే రిటైర్డు లెక్చరర్లున్నారు, సంఘాల కార్యదర్శులు సరేసరి. పాత ఉత్తరాలన్నీ తమ హార్డ్ డిస్కులోనే ఉండాలి, నెట్టు పోయినా 2009 నాటి మెయిలు తీసి చూసుకోగలగాలి. అదీ వీళ్ల పట్టుదల. నేనూ ఆ బాపతే కనక దాన్ని చాదస్తం అనను. వీళ్లు నాకు ఫోను చేస్తే మాత్రం తరచూ ఒకటే ఫిర్యాదు: "మెయిళ్లు వస్తున్నాయండీ, పోవట్లేదు!" ఆ వెంటనే రెండో మాట: "వస్తున్నాయంటే నెట్టు ఉన్నట్టేగా, పాస్‌వర్డు సరిగ్గా ఉన్నట్టేగా? మరి పోవడానికేం రోగం?"

చూడ్డానికి న్యాయమైన ప్రశ్నే. కానీ వచ్చే మెయిలుకీ పోయే మెయిలుకీ సర్వర్లు వేరు, పద్ధతులు వేరు, పోర్టు నంబర్లు వేరు. వచ్చేవాటిని ఐమ్యాపో పాపో తెచ్చిపెడుతుంది. పోయేవాటిని ఎస్ఎంటీపీ తీసుకెళుతుంది. ఈ రెండిట్లో పోయే దారికే ఆంక్షలెక్కువ. బ్యాంకులో మన డబ్బు మనం తీసుకోవాలంటే సంతకం కలిస్తే చాలు, అప్పు కావాలంటే హామీదారు కావాలి. పంపడం ఆ రెండో రకం వ్యవహారం. మీ పేరున బయటికెళ్లే ప్రతి ఉత్తరానికీ ఆ సర్వరు పూచీ పడుతోంది మరి. మీరు చెత్త పంపితే లోకమంతా నల్లజాబితాలో పెట్టేది మిమ్మల్ని కాదు, దాన్ని.

మొదట్లో ఈ అనుమానాలేవీ లేవు. 1982లో జాన్ పోస్టెల్ ఎస్ఎంటీపీ నియమాలు రాసినప్పుడు అందులో పాస్‌వర్డు ఊసే లేదు. ఒక యంత్రం "హెలో" అంటే అవతలిది 250 అని నంబరు చెప్పి సరేనంటుంది. ఎవరి నుంచి, ఎవరికి, విషయమేమిటి అన్నవి వరసగా చెప్పుకుని, చివర ఒక పంక్తిలో ఒక్క చుక్క పెడితే ఉత్తరం అయిపోయినట్టు. నెట్‌వర్కులో ఉన్నదంతా విశ్వవిద్యాలయాల వాళ్లూ పరిశోధకులూ కదా, తలుపులు బార్లా తీసే ఉంచారు. అప్పటికి నాలుగేళ్ల ముందే, 1978 మేలో, డెక్ అనే కంప్యూటర్ల కంపెనీ మార్కెటింగ్ మనిషి గ్యారీ థ్యూర్క్ తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మని దాదాపు 400 మందికి ఒకేసారి మెయిలు కొట్టి అందరి చేతా చీవాట్లు తిన్నాడు. ఆ ఘటన చూసైనా జాగ్రత్త పడాల్సింది. పడలేదు. 1990లలో చెత్త మెయిళ్లు వరదలా వచ్చిపడ్డాక గానీ పెద్దలకు మెలకువ రాలేదు. సొంత ఖాతాదారులు ఉత్తరాలు అప్పగించడానికి 587 అనే వేరే పోర్టును 1998లో ఏర్పాటు చేశారు, పంపేవాడు పేరూ పాస్‌వర్డూ చెప్పుకునే పద్ధతి మరుసటేడు వచ్చింది. పాత 25వ పోర్టు సర్వర్లు తమలో తాము మాట్లాడుకోవడానికి మిగిలింది. ఇళ్ల కనెక్షన్ల నుంచి ఆ పోర్టును మూసేసిన నెట్ కంపెనీలు చాలా ఉన్నాయి. ఏనాడో ఎవరో మీ సెట్టింగుల్లో 25 అని కొట్టి వదిలేసి ఉంటే, కొత్త కనెక్షన్ పెట్టించుకున్న రోజే మీ ఉత్తరాలు ఆగిపోతాయి. మెయిలు ప్రోగ్రాము పాపమేమీ లేదు.

ఇక మా బాబాయి సంగతి చెబుతాను. రైల్వేలో గార్డుగా రిటైరయ్యాడు, ఇప్పుడు పింఛనుదారుల సంఘానికి కార్యదర్శి. నవంబరు వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ల గురించి సభ్యులందరికీ సర్క్యులర్లు పంపాలి. ఆ రోజుల్లోనే ఫోను మోగింది.

"ఒరే అబ్బాయ్, మెయిలు పోవట్లేదురా. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యమంటావా?"

"వద్దు బాబాయ్, దాని జోలికెళ్లకు. ఎర్రరేమొచ్చింది?"

"ఏదో డబ్బా వచ్చింది. మీట కొట్టేశా."

"మళ్లీ పంపు. ఈసారి కొట్టకుండా చదువు."

కళ్లజోడు వెతుక్కున్న చప్పుడయింది. "లాగిన్ ఫెయిల్డ్ అంటోందిరా. ఐదు వందల ముప్ఫై ఐదు అని కూడా ఏదో ఉంది. కింద మూడు మీటలున్నాయి."

"ఇందాకటి దాకా దేన్ని నొక్కావు?"

"క్యాన్సిల్‌ని. ఎందుకొచ్చిన గొడవని."

దొరికింది దొంగ! 535 అంటే పాస్‌వర్డు కుదరలేదని. బాబాయి ఆ మధ్య పాస్‌వర్డు మార్చాడు. వచ్చే మెయిలు కోసం థండర్‌బర్డ్ అడిగితే కొత్తది చెప్పాడు. కానీ అది రెండు పాస్‌వర్డులూ విడివిడిగా దాచుకుంటుంది. సెట్టింగుల్లో సేవ్డ్ పాస్‌వర్డ్స్ తెరిస్తే ఒకే ఖాతాకు రెండు వరసలు కనిపిస్తాయి: ఒకటి ఐమ్యాప్ అని మొదలవుతుంది, ఇంకోటి ఎస్ఎంటీపీ అని. ఆ రెండో వరస చెరిపించాను, మళ్లీ అడిగినప్పుడు కొత్తది కొట్టించాను. సర్క్యులరు వెళ్లింది. "ఇంతేనా?" అన్నాడు కాస్త నిరాశగా. పెద్ద జబ్బేదో అయ్యుంటే గౌరవంగా ఉండేదని ఆయన ఉద్దేశం.

జీమెయిలు వాళ్ల కథ ఇంకో రకం. 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాలకు మామూలు పాస్‌వర్డు మాత్రమే తెలిసిన పాత ప్రోగ్రాములను గూగుల్ దగ్గరికి రానివ్వడం లేదు. పాస్‌వర్డు అక్షరం పొల్లుపోకుండా కొట్టినా తప్పే అంటుంది. మనిషికి పిచ్చెక్కుతుంది. దీనికి విరుగుడు, థండర్‌బర్డులో అథెంటికేషన్ దగ్గర ఓఆథ్2 ఎంచుకోవడం. అప్పుడు గూగుల్ కిటికీ తెరుచుకుంటుంది, అందులో లాగిన్ కావాలి. కుకీలు ఆపి ఉంటే అదీ నడవదు, చూసుకోండి. ఓఆథ్ తెలియని ముసలి ప్రోగ్రాములకు 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు ఒకటుంది. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నవాళ్లకే అది ఇస్తారు. మైక్రోసాఫ్ట్ కూడా 2024 సెప్టెంబరులో తన ఔట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు మామూలు పాస్‌వర్డు దారి మూసేసింది.

ఎర్రరు డబ్బాలోని మూడంకెల నంబరు చదవమని అందరికీ చెబుతూనే ఉంటాను, వినరు. నాలుగుతో మొదలైతే తాత్కాలికం, కాసేపాగి చూడొచ్చు. ఐదుతో మొదలైతే మీరేదో మార్చాలి, వందసార్లు సెండ్ నొక్కినా లాభం లేదు. 552 అంటే ఉత్తరం బరువెక్కువ. "హద్దు 25 ఎంబీ కదా, నా ఫైలు 20 ఎంబీయే" అని వాదించకండి. అటాచ్‌మెంటును అక్షరాలుగా మార్చి పంపుతారు, దాంతో అది మూడో వంతు ఉబ్బుతుంది. 550 మాత్రం గడుసుది. అవతలి చిరునామా లేకపోయినా అదే అంకె వస్తుంది, మీరు రోజు కోటా దాటినా అదే వస్తుంది. జీమెయిలులో ఆ కోటా 500. కాబట్టి అంకె పక్కనున్న ఇంగ్లీషు ముక్క కూడా చదవాలి. సంఘాల కార్యదర్శులు ఇది రాసి గోడకు అంటించుకోండి.

అసలు ఏ అంకే రాకుండా గంటసేపు తిరిగి తిరిగి "టైమ్డ్ ఔట్" అంటే? సర్వరుతో మాటే కలవలేదన్నమాట. పోర్టూ దాని పక్కనున్న భద్రత రకమూ జత కుదిరాయో లేదో చూడండి. 465కి ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, 587కి స్టార్ట్‌టీఎల్ఎస్. 465కి స్టార్ట్‌టీఎల్ఎస్ పెట్టారో, రెండు వైపులా ఒకరి పలకరింపు కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చుంటారు. ఈ 465ది తమాషా జాతకం. 1997లో నమోదు చేశారు, కొద్దికాలానికే రద్దన్నారు, జనం మానలేదు. 2018 జనవరిలో అదే మేలని మళ్లీ సిఫార్సు చేశారు. జత సరిగ్గానే ఉన్నా పోకపోతే కంప్యూటరును ఫోను హాట్‌స్పాటుకు కలిపి పంపండి. అలా వెళితే మీ ఇంటి కనెక్షనే అడ్డు పడుతోంది. అప్పుడూ వెళ్లకపోతే యాంటీవైరస్‌లో మెయిలు తనిఖీని ఒక్క నిమిషం ఆపి చూసి, వెంటనే మళ్లీ పెట్టేయండి.

ఇంకోటుంది. థండర్‌బర్డులో పోయే సర్వర్ల పట్టిక ఖాతాల పక్కన ఉండదు, అకౌంటు సెట్టింగుల్లో ఎడమవైపు అన్నిటికన్నా అడుగున ఉంటుంది. రెండు మూడు ఖాతాలున్నవాళ్లకు ఏనాడో వదిలేసిన కనెక్షన్ సర్వరే అక్కడ డిఫాల్టుగా కూర్చుని, కొత్త ఖాతా ఉత్తరాలు కూడా దానికే పోతుంటాయి. ఏ ఖాతాకు ఏ సర్వరో ఒకసారి చూసి సరిచెయ్యండి.

అన్నీ కుదిరాయి కదాని ఔట్‌లుక్ వాళ్లు వెంటనే సెండ్/రిసీవ్ నొక్కకండి. ముందు వర్క్ ఆఫ్‌లైన్ పెట్టి ఔట్‌బాక్సు తెరవండి. ఇన్నాళ్లూ పోని ఉత్తరాలన్నీ అందులో క్యూ కట్టి ఉంటాయి. పోవట్లేదని మళ్లీ మళ్లీ కొట్టిన ఒకే ఉత్తరం నకళ్లు, గడువు దాటిన ఆహ్వానాలు, అన్నిటికీ ముందు బండరాయిలా కూర్చున్న పెద్ద వీడియో. నాకు తెలిసిన ప్రెస్సు యజమాని ఒకాయన కాగితం సరఫరాదారుణ్ణి కడిగేస్తూ రాసిన మెయిలు ఇలాగే చిక్కుకుంది. ఈలోగా ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుని రాజీపడ్డారు, బాకీ కూడా తీరింది. ఆ మర్నాడు కుర్రాడెవడో వచ్చి ఔట్‌లుక్కు బాగుచేశాడు. తిట్లన్నీ అక్షరం పొల్లుపోకుండా చేరాయి. ఆ సరఫరాదారు ఇప్పటికీ రొక్కం చేతిలో పెడితే గానీ ఆయనకు కాగితం దింపడం లేదు.