విశాఖ బీచ్ రోడ్డు, చేతికో వాచీ

విశాఖ వెళ్తున్నారా? పెట్టెలో చీరలతోపాటు ఒక జత బూట్లు కూడా పెట్టుకోండి. సముద్రంలోంచి సూర్యుడు పైకొచ్చే వేళకి ఆర్.కె. బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర ఉండాలి. అక్కణ్ణుంచి, 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి మీదుగా ఎంతమంది పరుగెడుతుంటారో! చాలామంది చేతికి జి.పి.ఎస్. వాచీ ఉంటుంది.

సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలు పట్టుకుని, కిలోమీటరు ఎన్ని నిమిషాల్లో పరుగెత్తారో చెబుతుందది. ఎత్తయిన మేడల మధ్యయితే సంకేతాలు గోడలకి తగిలి లెక్క తప్పుతుంది. ఇక్కడ ఓ పక్కంతా సముద్రమే కాబట్టి ఆ బెడద తక్కువ. బయల్దేరేముందు సంకేతం అందేదాకా ఆగండి. క్షణక్షణం మారే అంకెని పట్టించుకోకండి, కిలోమీటరు సగటు చూసుకోండి చాలు.

అయితే ఇక్కడి ఉక్కపోత సంగతి ఆ సగటులో కనబడదు సుమండీ! చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. మీ ఊళ్లో 7 నిమిషాలు పట్టే కిలోమీటరుకి ఇక్కడ ఏడున్నర పట్టినా కంగారు పడకండి. పాత అంకె అందుకోవాలని పంతం పట్టారో, కళ్లు తిరుగుతాయి. పక్కవాళ్లతో ఆయాసం లేకుండా నాలుగు మాటలు మాట్లాడగలిగితే అదే మీ వేగం. లేదూ, హాయిగా నడవండి.

మధ్యలో కొబ్బరి నీళ్లకి ఆగితే వాచీ ఆపి మరీ తాగండి. లేకపోతే కొబ్బరిబోండాం కొట్టించుకున్న సమయం కూడా మీ పరుగులో కలిపేస్తుంది!