నేలను వదలని చక్రం

కనుమ రోజున అహోబిలంలో పారువేట ఉత్సవం మొదలవుతుంది. స్వామి పల్లకి ఎక్కి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు తిరిగొస్తాడు. మట్టిదారులు, రాళ్లు, గతుకులు... పల్లకి కింద చక్రాలు లేవు, స్ప్రింగులు లేవు. ఉన్నవల్లా బోయీల భుజాలు, మోకాళ్లు. గుంతలో కాలు పడితే మోకాలు సాగుతుంది, మిట్ట ఎక్కితే వంగుతుంది. అయితే వంగి సాగితేనే సరిపోదు. ఆ మోకాలు ఎగిరెగిరి పడకుండా పట్టి ఉంచే కండ కూడా కావాలి. లేదంటే పల్లకి కాస్తా ఊయలైపోతుంది!

కారు కింద జరిగేదీ ఇదే. వంగి లేచే మోకాలు స్ప్రింగు. పట్టి ఉంచే కండ షాక్ అబ్జార్బర్. రెండూ కలిసి చేసే పని ఒక్కటే... చక్రం నేలను వదలకుండా చూడటం. కూర్చున్నవారికి మెత్తగా ఉండటం ఆ తర్వాతి సంగతి. ఈ వరస గుర్తుంటే చాలు, కుర్రకారు నోట ఈమధ్య తరచూ వినిపిస్తున్న 'కాయిలోవర్' కథ సులభంగా అర్థమవుతుంది.

ఒక ఇల్లు... ఒకటే కారు

ఆళ్లగడ్డలోనో నంద్యాలలోనో ఓ ఇల్లనుకుందాం. ఇంటిల్లిపాదికీ ఒకటే కారు. ఏ స్విఫ్టో, పోలోనో. అవ్వను ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నా, అత్తగారింటికి పోవాలన్నా, అహోబిలం దర్శనానికన్నా అదే దిక్కు. ఇంట్లో అబ్బాయికి మాత్రం ఆ కారులో ఇంకో కారు కనిపిస్తుంటుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల దారిలో ఫార్ములా-ఈ కార్లు దూసుకెళ్లిన రోజు నుంచీ ఆ పిచ్చి మరీ ముదిరింది. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో జరగాల్సిన ఆ పోటీ రద్దయింది కానీ, కుర్రాళ్ల మనసులో పందెం ఆగలేదు.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 1990 నుంచీ ఒక రేస్ ట్రాక్ ఉంది. చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. పోటీలు లేని రోజుల్లో కొన్నిసార్లు 'ట్రాక్ డే' పేరుతో సొంత కార్లు నడుపుకోనిస్తారు. రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని, నిబంధనలకు ఒప్పుకుంటే మామూలు కారుతోనూ దిగొచ్చు. ఎదురుగా లారీ రాదు, అడ్డంగా బర్రె రాదు. వేగం సరదా తీర్చుకోవడానికి అంతకన్నా క్షేమమైన చోటు లేదు. అక్కడ మొదటి నాలుగు మలుపులు తిరిగేసరికి అబ్బాయికి ఒక విషయం తెలిసొస్తుంది. కారు ఒక పక్కకు పడవలా ఒరుగుతోంది. స్టీరింగు తిప్పిన క్షణానికి కాక, కాసేపటికి మాట వింటోంది. పక్కనున్నవాళ్లు చెప్పే మందు... 'కాయిలోవర్లు వేయించు!'

మరలు తిప్పే స్ప్రింగు

కాయిలోవర్ అంటే బ్రహ్మపదార్థమేం కాదు. షాక్ అబ్జార్బర్ గొట్టం చుట్టూ స్ప్రింగు తొడిగి, రెంటినీ ఒకే ముక్కగా అమర్చినది. నిజానికి మన చిన్న కార్ల ముందు చక్రాల దగ్గర కంపెనీ ఇచ్చేదీ దాదాపు అలాంటిదే. మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజినీరు రూపొందించిన ఆ అమరికను ఫోర్డ్ కంపెనీ 1950లో ఇంగ్లండ్‌లో విడుదల చేసిన కాన్సుల్ కారులో వాడింది. చవక, తక్కువ చోటు పడుతుంది. అందుకే ప్రపంచంలోని చిన్న కార్లన్నీ దాదాపు ఆ దారే పట్టాయి.

మరి తేడా ఎక్కడ? కంపెనీ ఇచ్చినది ఎత్తు మార్చుకోవడానికి వీలుకాదు. బయట కొనే కాయిలోవర్‌కు గొట్టం మీద సీసా మూతకున్నట్టు మరలుంటాయి. పానాతో నట్టు కిందికి తిప్పితే కారు దిగుతుంది, పైకి తిప్పితే లేస్తుంది. మంచి రకాల్లో పైనో కిందో చిన్న మీట ఉంటుంది. దాన్ని టిక్కు టిక్కుమని తిప్పుతుంటే షాక్ అబ్జార్బర్ లోపల నూనె పోయే సందు చిన్నదో పెద్దదో అవుతుంది. సందు చిన్నదైతే కదలిక బిగుసుకుంటుంది. పెద్దదైతే వదులవుతుంది. వెనక చక్రాల దగ్గర చాలా చిన్న కార్లలో స్ప్రింగు వేరు, షాక్ అబ్జార్బర్ వేరు. కాబట్టి పేరుకు నాలుగు కాయిలోవర్ల సెట్టు కొన్నా, వెనక వచ్చేది విడి స్ప్రింగు, దానికింద ఎత్తు సర్దే మర.

స్ప్రింగు కూడా మారుతుంది. మామూలు చిన్న కారు స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి సుమారు రెండు, రెండున్నర కిలోల బరువు చాలు. ట్రాక్ కోసం చేసినవాటికి అంతకు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా పైన కావాలి.

గట్టిదైతే గెలుపేనా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. నల్లమల ఘాట్‌లో ఆర్టీసీ బస్సు మలుపు తిరిగేటప్పుడు నిలబడ్డవాళ్లంతా బయటివైపుకు ఒరుగుతారు. కారు బరువూ అలాగే బయటి చక్రాల మీదకు మళ్లుతుంది. ఎంత మళ్లుతుందనేది మలుపులో వేగాన్ని బట్టి, కారు బరువును బట్టి, ఆ బరువు ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి, కుడి ఎడమ చక్రాల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. స్ప్రింగు గట్టిదైనంత మాత్రాన ఆ బరువు మళ్లడం ఆగదు. ఆగేది ఒరగడం మాత్రమే.

మరి లాభమేంటి? ఒరగడం తగ్గితే టైరు నిటారుగా ఉంటుంది. నేలను తాకే ముక్క అరచేయంతే కాబట్టి అది పూర్తిగా ఆనడం ముఖ్యం. కారు కూడా స్టీరింగు మాట వెంటనే వింటుంది. పైగా ముందు ఎంత గట్టిగా ఉండాలి, వెనక ఎంత ఉండాలి అని విడివిడిగా సర్దుకోవచ్చు. ముందు చక్రాలే లాగే కార్లు మలుపులో ముక్కు బయటికి తోసుకుపోతుంటాయి. వెనక కాస్త గట్టి చేస్తే ఆ జబ్బు తగ్గుతుంది. మోతాదు మించితే మాత్రం తోక జారుతుంది. కొత్తగా నడిపేవారికి ముక్కు జారడం కన్నా తోక జారడం ఎక్కువ ప్రమాదం.

ఇదంతా నున్నటి తారు మీద. నేల గతుకులుగా ఉంటే లెక్క తిరగబడుతుంది. గట్టి స్ప్రింగు గుంతలోకి చక్రాన్ని నొక్కలేదు. మిట్ట వస్తే చక్రానికి బదులు కారే ఎగురుతుంది. గాల్లో ఉన్న టైరుకు బ్రేకు వేసినా, స్టీరింగు తిప్పినా ఒకటే... పని చెయ్యదు.

దించే కొద్దీ...

'కారు ఎంత కిందుంటే అంత మంచిది' అన్నది రెండో అపోహ. కొంతవరకు నిజమే. బరువు కిందికి దిగితే మళ్లే బరువూ తగ్గుతుంది. కానీ మెక్‌ఫర్సన్ అమరికలో చక్రాన్ని కింద పట్టి ఉంచే చెయ్యి ఒకటుంది. మామూలు ఎత్తులో అది నేలకు దాదాపు సమాంతరంగా గానీ, చక్రం వైపు కాస్త వాలి గానీ ఉంటుంది. కారును మరీ దించితే ఆ చెయ్యి చక్రం వైపు పైకి లేస్తుంది. అప్పుడు కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు కారు బరువు కన్నా ఎక్కువగా కిందికి పడిపోతుంది. ఫలితం... ఒరగడం తగ్గించాలని దించితే, ఒరగాలన్న పట్టుదల కారుకు ఇంకా పెరుగుతుంది! పైపెచ్చు షాక్ అబ్జార్బర్‌కు కదిలే చోటు తగ్గి, చివరనున్న రబ్బరు దిమ్మెకు ఠప్పున తగులుతుంది. ఆ తగలడం మలుపు మధ్యలో జరిగితే పట్టు ఒక్కసారిగా పోతుంది.

ఇక ఇంటి లెక్క చూద్దాం. చిన్న కారు అడుగు నేలకు సుమారు 165 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. నలభై దించితే 125. నలుగురు ఎక్కి సంచులు పెడితే, గట్టి స్ప్రింగులే అయినా, ఇంకో పదిహేను ఇరవై కుంగుతుంది. మిగిలేది నూట ఐదో, నూట పదో. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం స్పీడు బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. ఆ కొలతలో కడితే చక్రాలూ మెల్లగా ఎక్కి దిగుతాయి, అడుగు తగలదు. కానీ ఊళ్లలో ఇళ్ల ముందు పోసేవి అడుగు వెడల్పున చిన్న గోడల్లా ఉంటాయి. అక్కడ ముందు నలిగేది ఇంజిన్ కిందున్న ఆయిల్ చాంబరు!

అహోబిలం జీపు చెప్పే పాఠం

దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి ఎనిమిది కిలోమీటర్ల కొండదారి. అక్కడి వరకూ కార్లు పోతాయి. పావన నరసింహస్వామి దగ్గరికి పోవాలంటే మాత్రం నడకో, జీపో. ఆ అడవిదారిలో బండరాళ్ల మీద జీపు ఎక్కి దిగుతుంటే లోపలివాళ్ల ఎముకలు లెక్కకొస్తాయి. కానీ చక్రాలు చూడండి. ఒకటి రాయి మీదకు ఎక్కి ఉంటుంది, ఇంకోటి గుంతలోకి వేలాడుతూ ఉంటుంది. ఎత్తైన బండి, చక్రానికి పైకీ కిందికీ కదలడానికి కావాల్సినంత చోటు. జట్కా బండి నాటి నుంచీ వస్తున్న కమాన్ కట్టలతో కూడా ఆ పని నడిచిపోతోంది.

రేసు కారు వాళ్లు ఆ జీపును చూసి నవ్వొచ్చు. జీపు డ్రైవరు ఆ రేసు కారును చూసి అంతకన్నా గట్టిగా నవ్వొచ్చు. ఇద్దరూ వెతికేది ఒక్కటే... నేలను వదలని చక్రం. నేల వేరు కాబట్టి మందు వేరైంది. మంచి సస్పెన్షన్, చెడ్డ సస్పెన్షన్ అని విడిగా ఉండవు. 'ఏ నేలకు?' అన్న ప్రశ్నకు జవాబు ఉంటుంది, అంతే. కాయిలోవర్ గొప్పతనం ఆ జవాబును కొంతవరకు మార్చుకోనివ్వడం. కొంతవరకే! మీట తిప్పితే బిగువు మారుతుంది కానీ, స్ప్రింగు గట్టిదనం మారదు. ట్రాక్ స్ప్రింగు అవ్వ నడుముకు ట్రాక్ స్ప్రింగే.

ఖర్చు ఒక్కసారితో పోదు

పేరున్న కంపెనీల సెట్టు లక్ష రూపాయలకు అటూ ఇటూ మొదలై పైకి పోతుంది. అక్కడితో ఆగదు. ఎత్తు మార్చిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. లేకపోతే టైర్లు ఒక పక్కే అరుగుతాయి. నట్లు బిగించేటప్పుడు కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్‌లు మెలిపడి తొందరగా చిరుగుతాయి. మన దుమ్ము, వాన పడి మరలు తుప్పు పట్టకుండా కడిగి తుడవాలి.

అనుభవమున్న వాళ్లు చెప్పే వరస వేరు. మొదట బ్రేకు నూనె, బ్రేకు ప్యాడ్లు. తర్వాత మంచి టైర్లు, వాటిలో సరైన గాలి. ఆ తర్వాత నడపడం నేర్పే గురువు. కాయిలోవర్ల వంతు నాలుగోది. వేయించాక కూడా ఒకసారికి ఒకటే మార్చి, నోటు పుస్తకంలో రాసుకోవాలి. గాలి, ఎత్తు, బిగువు మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

చట్టం మాటేంటి?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకూ అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. రోడ్డు మీద పందేలకు మొదటిసారి మూడు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా. పందెంలో ఉండగా దెబ్బతిన్న కారుకు మామూలు బీమా వర్తించదు. మార్పుల సంగతి దాచిపెడితే రోడ్డు ప్రమాదంలోనూ పరిహారం చిక్కుల్లో పడుతుంది. అందుకే సెట్టు కొనకముందే ఆర్టీఓ కార్యాలయంలో, బీమా కంపెనీలో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మేలు.

ట్రాక్ మీద ప్రేమ నిజమే అయితే ఇంటికి రెండు దారులున్నాయి. ఒకటి... పాత చిన్న కారు ఒకటి కొని, దాన్ని ట్రాక్‌కే అంకితం చేసి, లారీ మీద తీసుకెళ్లడం. రెండోది... ఇంటి కారును ఇంటి కారులాగే ఉంచి, బ్రేకులూ టైర్లూ బాగుచేసుకుని ఏడాదికి ఒకటి రెండుసార్లు దిగడం. మామూలు కారు ఒరుగుతుంది నిజమే. ఆ ఒరగడమే ఎక్కడ పట్టు పోతోందో ముందుగా చెబుతుంది కూడా. నేర్చుకునేవాడికి అంతకన్నా మంచి గురువు దొరకడు.

కాదు, కాయిలోవర్లే కావాలంటారా? అయితే ఒక చిన్న పని. ఒక ఆదివారం అవ్వనూ, అమ్మనూ, నాన్ననూ, సంచులనూ కారులో ఎక్కించి, టేపు తీసుకుని కారు అడుగు నేలకు ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవండి. తర్వాత మీ వీధి స్పీడు బ్రేకరునూ కొలవండి. ఎంత దించవచ్చో ఆ రెండు అంకెల మధ్య తేడా చెబుతుంది.