పానీ దేఖా?

మా అబ్బా లారీ ఇంజిన్ ఎట్లా పోయిందో మా ఖాందాన్‌లో అందరికీ తెలుసు. రేడియేటర్ పైపు క్లిప్పు లూజైంది, నీళ్లు కారిపోయాయి, ఇంజిన్ జామ్ అయింది. ఈద్‌కి అందరం దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు ఈ కిస్సా ఎత్తుతారు. అబ్బా బతికున్నప్పుడు అమ్మీ ఆయన్ని దెప్పడానికి ఎత్తేది. ఆయన పోయాక యాద్ చేసుకోవడానికి ఎత్తుతోంది. ఇందులో ఝూట్ ఏమీ లేదు. కానీ ఇది సగమే. మిగతా సగం నాకూ, ఇంజిన్ బాగుచేసిన ఉస్తాద్‌కూ మాత్రమే తెలుసు.

1996 జనవరి. సంక్రాంతి సెలవులు. ఇంకో పది రోజుల్లో రంజాన్. నేను ఉర్దూ మీడియంలో తొమ్మిదో తరగతి. మా బాన్సువాడ అప్పటికి నిజామాబాద్ జిల్లాలోనే ఉంది, కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది 2016లో. నిజాంసాగర్ కాల్వ కింద వరితో పాటు చెరకు కూడా బాగా వేసేవాళ్లు. చెరకు లారీలు బోధన్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీకి పోయేవి. 1937లో నిజాం జమానాలో పెట్టిన ఫ్యాక్టరీ అది. దాని వల్లే ఆ ఇలాకాకు షక్కర్ నగర్ అని పేరు. చలికాలం మాకు అసలు సీజన్. ఆ నాలుగు నెలలు చెరకు తోలితేనే మా ఇంట్లో ఏడాది గడిచేది.

మాది పాత టాటా 1210. అబ్బానే డ్రైవర్, అబ్బానే ఓనర్. సెలవుల్లో నేను క్లీనర్‌ని. పాత డ్రైవర్లు దాన్ని ఇంకా ‘బెంజ్’ అనేవాళ్లు. 1954 నుంచి 1969 దాకా టాటా వాళ్లు జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు తయారు చేశారు. ఆ దోస్తీ తెగిపోయి ఎన్నేళ్లయినా పేరు మాత్రం డ్రైవర్ల నోట్లో ఉండిపోయింది.

ఆ రాత్రి లోడ్ చేసుకొచ్చిన చెరకు లారీ మా ఇంటి ముందే నిలబెట్టి ఉంది. ఫజ్ర్‌కు ముందే అబ్బా లేపాడు. ఎముకలు కొరికే చలి. నేను కేబిన్‌లో చాదర్ కప్పుకొని మళ్లీ ముడుచుకున్నాను. నల్లా దగ్గర వజూ చేసుకుంటూ అబ్బా కేక వేశాడు.

“పానీ దేఖా రే?”

“దేఖా అబ్బా.”

నేను చూడలేదు. కిందికి దిగాలి, బంపర్ ఎక్కాలి, చల్లటి మూత తిప్పాలి, వేలు పెట్టి చూడాలి. మొత్తం రెండు నిమిషాల పని. నిన్న ఉన్న నీళ్లు ఇవాళ ఎక్కడికి పోతాయి అనుకున్నాను.

వర్ని దాటాం. రుద్రూర్ ఇంకా రాలేదు. ఇంజిన్ గొంతు మారింది. అబ్బా గేరు తగ్గించేలోపే లోపల ఏదో గట్టిగా గీరుకున్న చప్పుడు. లారీ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. డ్యాష్‌బోర్డు మీద వేడి చూపించే ముల్లు ఏనాడో చచ్చిపోయింది కాబట్టి ముందుగా ఏమీ తెలియలేదు. బోనెట్ ఎత్తితే ఆవిరి. నేను నీళ్ల డబ్బా పట్టుకొని ఉరికాను. అబ్బా నా చెయ్యి పట్టుకొని ఆపాడు. కాలిపోతున్న ఇంజిన్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్ పగులుతుందట. ఇద్దరం రోడ్డు పక్కన కూర్చున్నాం. కోసిన చెరకు ఎండకు ఆరుతున్న కొద్దీ బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే పైసలు తగ్గుతాయి. మధ్యాహ్నానికి ఇంకో లారీ దొరికితే లోడ్ దాంట్లోకి మార్చారు. మా లారీని చైన్ కట్టి బాన్సువాడకు లాక్కొచ్చారు.

ఉస్తాద్ షెడ్డు ఎంత చిన్నదంటే లారీ ముక్కు మాత్రమే లోపల పట్టేది. మూడు పైపులు నిలబెట్టి, చైన్ కప్పి వేసి ఇంజిన్ దించారు. హెడ్ విప్పాక ఉస్తాద్ నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. వెనకవైపు రెండు పిస్టన్లు స్లీవుల్లో బిగుసుకుపోయి ఉన్నాయి. “డీజిల్ ఇంజిన్‌కి నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు బేటా. గాలిని పదిహేడో వంతుకు నొక్కితే ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆగే వేడి కాదు అది. పట్టి ఉంచేది పానీయే. పానీ లేకుంటే పిస్టన్ ఉబ్బుతుంది, ఆయిల్ పొర కాలిపోతుంది, స్లీవును గీరి గీరి పట్టుకుంటుంది.”

తర్వాత రేడియేటర్ పైపు చేతిలోకి తీసుకున్నాడు. క్లిప్పు కింద తుప్పు చారలు. అవి ఒక్కరోజులో వచ్చేవి కావు. చుక్క చుక్కగా చాలా రోజులుగా కారుతున్న గుర్తు.

“సుబహ్ పానీ ఎవరు చూశారు భాయ్?” అని అబ్బాను అడిగాడు.

“మావాడే చూశాడు.”

ఉస్తాద్ నా వైపు చూశాడు. నేను ఇంజిన్ వైపు చూశాను. ఎంతసేపో తెలియదు. చివరికి అబ్బాతో అన్నాడు: “క్లిప్పు లూజ్ భాయ్. పానీ రాస్తాలో పోయింది.”

ఆ ముక్కతో నేను బచాయించాను. ఆ ముక్కే మా ఇంటి కిస్సా అయిపోయింది.

ఇప్పుడు ఇంజిన్ బాగు చేయించాలా, మార్చాలా? ఒక బ్రోకర్ వచ్చాడు. స్క్రాప్‌కి పోయిన లారీ నుంచి దించిన ఇంజిన్ ఉంది, 22,000 ఇస్తే రెండ్రోజుల్లో లారీ రోడ్డు మీద ఉంటుందన్నాడు. సీజన్ పోకుండా ఉంటుంది కదా అని అబ్బా మనసు అటే లాగింది. ఉస్తాద్ ఒక్కటే అడిగాడు: “కాగజ్ ఉందా?” కాగితం తర్వాత వస్తుందన్నాడు బ్రోకర్. ఇంజిన్ మారితే ఆర్‌సీలో నంబర్ మార్పించుకోవాలి. అది ఏ లారీదో, ఎట్లా వచ్చిందో తెలియకుండా ఎవరు మారుస్తారు? “కాగజ్ లేని ఇంజిన్ నా హాథ్‌తో ఎక్కించను. పైగా దాని లోపల ఏముందో విప్పితే గానీ తెలియదు. నీ ఇంజిన్ సంగతి నాకు తెలుసు. బ్లాక్ పగల్లేదు, హెడ్ పగల్లేదు. క్రాంక్ గ్రైండింగ్‌కి ఆగుతుంది.” ఫుల్ ఇంజిన్ పని చేయాలంటే 27,000. మూడు వారాలు. అంటే సీజన్‌లో సగం పోయినట్టే.

అబ్బా సూద్‌కు కర్జ్ తీసుకోడు. బంగారం తాకట్టు పెట్టినా సూదే. అందుకని అమ్మీ మైకే నుంచి తెచ్చుకున్న మూడు తులాల గాజులు తాకట్టు పెట్టలేదు, అమ్మేశారు. అమ్మీ వాటిని తీసి చేతిరుమాల్లో చుట్టి ఇవ్వడం నేను తలుపు పక్క నుంచి చూశాను. అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు.

బ్లాకు, క్రాంకు నిజామాబాద్ లేత్ షాపుకు పోయాయి. కొత్త స్లీవులు వేసి బోరింగ్, హోనింగ్. హెడ్‌కి ఫేసింగ్. వాల్వులు గ్రైండింగ్. డీజిల్ పంపు, నాజిళ్లు వేరే షాపులో చెకింగ్. ఈలోగా రంజాన్ వచ్చింది. స్కూల్ అవగానే నేను షెడ్డుకు పోవాలని ఉస్తాద్ హుకుం. ఎందుకని అబ్బా అడగలేదు, పని నేర్చుకుంటాడులే అనుకున్నాడు. బోల్టులు, గేర్లు కిరోసిన్‌లో కడిగేవాణ్ణి. రోజా ఉండి, ఎండిన పెదాలతో, ఉస్తాద్ పది పానాల్లోంచి కావాల్సింది చూడకుండానే తీసేవాడు. ఆయన స్కూల్‌కి పోలేదు. కానీ ఇంజిన్‌ని కితాబ్‌లా చదివేవాడు. 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోర్ అని ఆయనే చెప్పాడు. ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు అని సిలిండర్లు మండే వరస నాతో తస్బీహ్‌లా చదివించాడు. ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇఫ్తార్‌కి ఖర్జూరం ముందు నాకిచ్చి తర్వాత తను తీసుకునేవాడు. ఆ మూడు వారాల్లో ఒక్కసారి కూడా ఆ పొద్దుటి మాట ఎత్తలేదు.

ఇంజిన్ ఎక్కించిన రోజు అస్ర్ తర్వాత స్టార్ట్ చేశారు. పంపులో గాలి తీశాక మొదటిసారి దగ్గింది, రెండోసారి పట్టుకుంది. అబ్బా “అల్‌హందులిల్లా” అన్నాడు. ఇంజిన్ ఆపి, చల్లారాక ఉస్తాద్ నన్ను పిలిచాడు.

“పానీ దేఖ్.”

బంపర్ ఎక్కి మూత తిప్పాను. వేలు పెట్టాను.

“ఉంగ్లీ గీలీ హుయీ?”

“హౌ ఉస్తాద్.” తడి వేలు ఎత్తి చూపించాను.

“బస్,” అన్నాడు. అంతే.

ఆ ఇంజిన్ తొమ్మిదేళ్లు నడిచింది. గాజులు మాత్రం తిరిగి రాలేదు. నేను తెలుగులో డిగ్రీ చేసి పత్రికలో చేరాను. ఇరవై ఏళ్లుగా విలేకరులను ఫోన్‌లో అడిగే మొదటి సవాల్ ఒక్కటే: నీ కళ్లతో చూశావా, ఎవరైనా చెప్పారా? అడిగిన ప్రతిసారీ నాకు ఆ చల్లటి మూత యాదికొస్తుంది. షక్కర్ నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డప్పుడు ఆ వార్త చదువుతూ కూడా మొదట గుర్తొచ్చింది రుద్రూర్ దగ్గర రోడ్డు పక్కన తల పట్టుకొని కూర్చున్న అబ్బానే.

ఉస్తాద్ చేసింది మేహర్‌బానీ. అమ్మీ కష్టమొస్తే “యా సత్తార్” అంటుంది, ఐబులు కప్పేవాడా అని. ఆయన నా ఐబ్ మీద పర్దా వేశాడు, పద్నాలుగేళ్ల పిల్లాడి ఇజ్జత్ కాపాడాడు. కానీ ఆ పర్దా బరువు మోసింది అబ్బా. “క్లిప్పు కూడా చూసుకోలేదు, నా గాజులు పోయాయి” అని అమ్మీ ఎన్నిసార్లు అన్నా ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తూ నేను అన్నం తినేవాణ్ణి. అల్లా హక్కుల్లో తప్పితే తౌబా చేసుకుంటాం. మనుషుల హక్కుల్లో తప్పితే ఆ మనిషినే ముఆఫీ అడగాలని మనకు మౌల్వీ సాబ్ చిన్నప్పుడే చెప్తారు. అబ్బా లేడు. ఉస్తాద్ కూడా లేడు.

మొన్న అమ్మీ కాళ్ల దగ్గర కూర్చొని మొత్తం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఖాళీ చేతుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది. కోపం గాజుల గురించి కాదు.

“ఇన్నేళ్లు ఆయన్ని నాతో తిట్టించావు కదరా.”

తర్వాత అంది: “గాజులు నేను ముఆఫ్ చేశాను. మీ అబ్బాది నేనెట్లా చేస్తాను? నా దగ్గర లేదది.”

లేచి వెళ్లబోతుంటే వెనక్కి పిలిచింది. ఈసారి ఈద్‌కి కిస్సా నువ్వే చెప్పు, పిల్లలందరి ముందు, పూర్తిగా చెప్పు అంది. చెప్తానన్నాను. ఇక్కడ రాసింది అందుకే. ఈద్ నాటికి నా నోరు మళ్లీ చాదర్ కప్పుకుంటే, ఇది చదివినవాళ్లు ఎవరైనా అడుగుతారు కదా.