పొగయా, మంచా?

తర్కం చదివినవారికి ఆ కొండా, ఆ పొగా కొత్త కాదు. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం చెప్పే ప్రతి గురువూ శిష్యుణ్ణి ఒక కొండ ఎదుట నిలబెడతాడు. కొండమీద పొగ కనబడుతున్నది. పొగ ఉన్నచోట నిప్పుంటుందని వంటింట్లో చూశాం. కనుక కొండమీద నిప్పున్నది. శిష్యుడు చురుకైనవాడైతే అడుగుతాడు: అది పొగ కాక మంచైతే? అప్పుడు హేతువే సందిగ్ధం. ఇక అనుమానం నిలవదు.

ఈ చర్చకు చక్కని ఉదాహరణ నాకు టైడా దగ్గర, కారు బానెట్టు కింద దొరికింది.

2023 ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. అనంతగిరి పైన ఒక ఆశ్రమ పాఠశాలలో నా పూర్వ విద్యార్థిని తెలుగు ఉపాధ్యాయినిగా చేరి రెండు నెలలైంది. కొండగూడెం నుంచి దిగివచ్చి శృంగవరపుకోటలో నా దగ్గర ఛందస్సు నేర్చుకున్న పిల్ల. "మీరొచ్చి గిడుగువారి గురించి చెప్పాలి మేస్టారూ, పదకొండింటికి సభ" అని పిలిచింది. సవరభాషకు వాచకాలూ నిఘంటువూ కూర్చిన మహానుభావుణ్ణి గురించి కొండపిల్లల ఎదుట మాట్లాడే భాగ్యం ఎవరు వదులుకుంటారు? (వాడుకభాష కోసం పోరాడినవారి జయంతికి గ్రాంథికపు వాసన వదలని నేను ప్రసంగించడమేమిటని మా ఆవిడ దారి పొడుగునా ఎత్తిపొడుస్తూనే ఉంది.)

మా పాత చిన్నకారులో ఇంజను వేడి చూపే ముల్లు మూడు నెలలుగా నిలకడ తప్పింది. ఊళ్లో ఒక మెకానిక్కు ఒకసారి సెన్సారు మార్చాడు, మరోసారి థర్మోస్టాటు మార్చాడు. ముల్లు ఆట ముల్లుదే. "పక్కనున్న సీసా నిండా నీళ్లున్నాయి కదండీ, వేడి కాదు, మీటరే అబద్ధం చెబుతోంది" అని తేల్చేశాడు. ఆనాడు బొడ్డవర దాటి ఘాటీ ఎక్కుతుండగా ముల్లు పైకి పాకడం, ఒక మలుపులో దభాలున పడిపోవడం, మళ్లీ పాకడం. టైడా చేరేసరికి ఎర్రగీతను తాకింది. ఆపేశాను.

పక్కన ఆగిన పర్యాటక యువకుడొకడు సెన్సారు దోషమే, పోనివ్వండి అన్నాడు. సమయం తొమ్మిదిన్నర. పోనివ్వాలనే ఉంది. కానీ ముల్లు నిజం చెబుతుంటే? అల్యూమినియం హెడ్డు వంగుతుంది, గాస్కెట్టు కాలుతుంది, నెలల పింఛను దానికే సరి. పైగా మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషితో ఘాటీ మధ్యలో నిలిచిపోవాలి. లోయలోంచి తెల్లగా ఏదో లేస్తున్నది. పొగయా, మంచా?

కటికి జలపాతానికి జీపు తోలే స్థానికుడొకడు వచ్చి బానెట్టులోకి తొంగిచూసి ఒకే ప్రశ్న వేశాడు.

"ముల్లు గెంతతందా బాబూ, పాకతందా?"

నా మట్టుకు నేను విన్న ఉత్తమమైన తార్కిక ప్రశ్నల్లో అదొకటి. నీరు రెప్పపాటులో ఇరవై డిగ్రీలు వేడెక్కి చల్లారదు. కనుక ముల్లు అదేపనిగా గెంతితే దోషం తీగలోనో, ఎర్తులోనో ఉంటుంది. దీపాలు వేసినప్పుడల్లా కదిలితే ఎర్తు మీద అనుమానం బలపడుతుంది. మెల్లగా పాకితే వేడి నిజం. మాది పాకుతూ ఎక్కి, గెంతి పడుతోందన్నాను. "అయితే నీళ్లలో గాలి సేరింది" అన్నాడు. సెన్సారు కొన నీటిలో మునిగి ఉంటేనే దాని మాటకు విలువ. గాలిబుడగ వచ్చి చుట్టుకుంటే అది ఏదో ఒకటి చెబుతుంది.

రేడియేటరు పైగొట్టం, కిందిగొట్టం గుడ్డతో తాకి చూశాడు. రెండూ వేడిగా ఉన్నాయి, అంటే థర్మోస్టాటు తెరుచుకుంటున్నది. ఫ్యాను తిరుగుతున్నది. ఇక మూత తియ్యాలి. వేడిమీద తీస్తే మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది కనుక ముప్పావుగంట కాచుకున్నాం. మా ఆవిడ పులిహోర విప్పింది. కొత్తవలస–కిరండూల్ మార్గంలో ఒక గూడ్సుబండి ఎక్కడో సొరంగం దూరి, మరెక్కడో తేలింది.

మూత తీస్తే రేడియేటరులో నీరు అడుగుకు పోయింది. సీసా మాత్రం మూతిదాకా నిండుగా ఉంది!

రహస్యమంతా మూతలో ఉంది. దానిలో రెండు కవాటాలు. వేడెక్కి వ్యాకోచించిన నీటిని ఒకటి సీసాలోకి వదులుతుంది. చల్లారినప్పుడు రెండోది వెనక్కి పీల్చనిస్తుంది. మా మూత రబ్బరు బీటలు వారింది. నీరు వెళ్తున్నది, తిరిగి వచ్చేది గాలి. నిండిన సీసా నీటి సమృద్ధికి గుర్తనుకున్నాడు మెకానిక్కు. నిజానికి అదే లోటుకు గుర్తు. మరొక సంగతి. మూత మంచిదైతే లోపలి ఒత్తిడి పెరిగి నీరు వంద డిగ్రీలు దాటినా మరగదు. ఒత్తిడి నిలవకపోతే, సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ వంటి చోట 97 డిగ్రీలకే మరిగిపోతుంది. (కాశ్మీరు లోయలో పట్టాలు పడకముందు బ్రాడ్‌గేజి స్టేషన్లలో ఎత్తైనదిగా శిమిలిగుడకు పేరుండేది.) ఊళ్లో చెల్లిన మూత కొండమీద ఎందుకు చెల్లలేదో అప్పుడు బోధపడింది.

రెండు లీటర్ల నీరు పోసి, ఇంజను నడుపుతూ బుడగలు పోయేదాకా ఆగి, మూత బిగించి, "హీటరు ఏసుకోండి, అద్దాలు దించేయండి, అనంతగిరిలో ఆగి మళ్లీ సూడండి" అన్నాడు. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే కదా, ఇంజను వేడిని కొంత లాగుతుంది. డబ్బు పుచ్చుకోలేదు, పులిహోర పుచ్చుకున్నాడు.

పన్నెండుంబావుకు చేరాం. పిల్లలు కూర్చునే ఉన్నారు. ఆలస్యానికి కారణం చెబుతూ నల్లబల్ల మీద కొండ గీసి, పైన తెల్లగా పూసి, ఇది పొగో మంచో ఎలా తెలుస్తుందని అడిగాను. రెండో వరుసలోని పిల్ల వెంటనే అంది: "పొగైతే వాసనొస్తాది సార్."

ఆ తర్వాతే గిడుగువారిని గురించి మొదలుపెట్టాను.

సాయంత్రం అరకులో కొత్త మూత కొన్నాను. రెండు వందలు కూడా కాలేదు. దిగేటప్పుడు ముల్లు సగానికి కిందే నిలిచింది గాని, దిగుడులో ఇంజనుకు శ్రమ ఉండదు కనుక అది పరీక్ష కాదు. వచ్చే ఆదివారం ఒక్కణ్ణే అదే ఘాటీ మళ్లీ ఎక్కాను. గాలికొండ దాకా ముల్లు కదలలేదు. టైడాలో ఆగి చూశాను. జీపు లేదు, కటికి వెళ్లిందన్నారు.