గది వెచ్చబడాలా, మనిషి వెచ్చబడాలా?

కరీంనగర్‌లో పుట్టి పెరిగిన నాకు చలికాలమంటే ఉదయం పూట ఒక శాలువా, సాయంత్రం ఒక కప్పు అల్లం టీ. అంతకు మించి చలిని గురించి ఆలోచించవలసిన అవసరం నాకు ఎన్నడూ కలగలేదు. 2024 అక్టోబరులో మావారికి ఆదిలాబాద్‌లోని ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూసే ఉద్యోగం దొరికింది. పత్తి సీజను మొదలవుతున్న రోజులవి. తొందరలో దొరికిన అద్దె ఇల్లు ఒక అపార్ట్‌మెంటులో పై అంతస్తు. రెండు గదులు, ఒక వంటగది. అందులో మేమిద్దరం, ఏడేళ్ల మా అమ్మాయి, ఉబ్బసంతో బాధపడే మా అత్తమ్మ.

తెలంగాణలో చలికి పేరుమోసిన ప్రాంతం ఆదిలాబాద్ అని వినడమే గాని, అనుభవించడం అదే మొదటిసారి. సిర్పూర్ (యు), గిన్నెదరి వంటి చోట్ల ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు పడిపోయిందని ఏటా పత్రికలలో చదువుతూనే ఉంటాం. ఈ ప్రాంతం సముద్రానికి చాలా దూరం. ఉత్తరం నుంచి వీచే పొడిగాలికి అడ్డు తక్కువ. మబ్బులేని రాత్రులలో, పగలు నేల దాచుకున్న వేడి అంతా తెల్లవారేలోగా ఆకాశంలోకి జారిపోతుంది. పై అంతస్తులో ఉన్నవారికి నెత్తిన ఉన్న సిమెంటు కప్పు కూడా అలాగే చల్లబడుతుంది. డిసెంబరు రెండవ వారానికి అత్తమ్మకు రాత్రిళ్లు ఆయాసం ఎక్కువైంది. ఫజ్ర్ వేళ చల్లని నీటితో వుజూ చేసి వచ్చిన ఆమె చేతులు పట్టుకుంటే మంచుముక్కలను తాకినట్లుండేది.

మావారు ఒక రూమ్ హీటరు తెచ్చారు. తలుపు కింది సందులలో, కిటికీ అంచులలో పాత గుడ్డలు కుక్కి, రాత్రి రెండు గంటలు హీటరు వేసేవాళ్లం. గది వెచ్చబడింది, అత్తమ్మ నిద్రపోయింది. సమస్య తీరిందనుకున్నాం.

జనవరి మొదటి వారంలో కరెంటు బిల్లు వచ్చింది. అప్పటివరకు గృహజ్యోతి పథకం కింద మాకు సున్నా బిల్లు వచ్చేది. రేషను కార్డున్న ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. అయితే ఆ గీత దాటితే, దాటిన యూనిట్లకే గాక మొత్తానికి చెల్లించాలి. మా మీటరు 300 చూపింది. మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020 రూపాయలు, మిగిలిన వందకు 7 రూపాయల 70 పైసల చొప్పున 770 రూపాయలు, వెరసి 1,790. ఇతర చార్జీలు వేరు. నెల జీతంలో అద్దె, బడి ఫీజు, అత్తమ్మ మందులు పోగా మిగిలేదానిలో అది చిన్న మొత్తం కాదు.

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. హీటరు 2,000 వాట్లది, అంటే గంటకు రెండు యూనిట్లు. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 120. ఎప్పుడూ వేసి ఉంచే గీజరుకు దాదాపు 50. మామూలు వాడకం 130. దోషం ఎక్కడుందో కనిపిస్తూనే ఉంది. అయినా అత్తమ్మను చలికి వదిలేయడమెలా?

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మా నానీమా ఇంట్లో చలి రోజుల్లో అంగీఠీ రాజేసేవారు. బొగ్గులు చవక, కరెంటుతో పనిలేదు. మరునాడే ఒక బొగ్గుల కుంపటి కొని తెచ్చి, పొగ పోయేదాకా బాల్కనీలో ఉంచి, ఎర్రగా కాలిన నిప్పులతో గదిలో పెట్టాను. సందులన్నీ గుడ్డలతో మూసి ఉన్న సంగతి నాకు తట్టనేలేదు. నానీమా కుంపటి ఉండేది నాలుగు వైపులా గాలి ఆడే పెంకుటింటి వరండాలో అన్న విషయమూ గుర్తు రాలేదు.

రాత్రి రెండు గంటల వేళ అత్తమ్మ సన్నని గొంతుతో పిలిచింది. “బేటీ, తల పగిలిపోతోంది, లేవలేకపోతున్నాను” అంది. నాకూ తల దిమ్ముగా ఉంది. పక్కన పాప వాంతి చేసుకుంటోంది. ఎలాగో లేచి తలుపులు బార్లా తెరిచాను. మావారు ఇద్దరినీ బయటికి మోసుకొచ్చారు. ఆటోలో ఆస్పత్రికి చేరాక, ఆక్సిజన్ పెడుతూ డాక్టరు ఒకే ప్రశ్న అడిగారు: “గదిలో నిప్పు పెట్టుకున్నారా?”

బొగ్గు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ పోయినంత మాత్రాన అది పోదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మనిషి నిద్రలోనే స్పృహ కోల్పోతాడు. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారి మీదే తగలబడినప్పుడు, నిప్పు మీకు శత్రువనీ, పడుకునే ముందు దానిని ఆర్పివేయమనీ దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. చిన్నప్పటి నుంచి విన్న మాటే. ఆ రాత్రి దాకా నా ఇంటికి సంబంధించిన మాటగా అనిపించలేదు. అల్లాహ్ దయవల్ల అందరం క్షేమంగా తిరిగొచ్చాం.

దారి చూపింది అత్తమ్మే. “గదినంతా కాచడమెందుకు బేటీ? పడుకునే మనిషిని కాస్తే చాలదా?” అంది. మా ఇంటి ఆర్థికశాస్త్రం ఆ మాటతో మారిపోయింది.

మొదట రజాయిలు విప్పించాం. ఏళ్ల తరబడి వాడిన రజాయిలో దూది గట్టిపడి గడ్డ కడుతుంది. వెచ్చదనం దూదిలో కాదు, దూది పోగుల మధ్య నిలిచే గాలిలో ఉంటుంది. దూది ఏకే మనిషిని పిలిచి ఏకించి మళ్లీ కుట్టిస్తే అవే రజాయిలు కొత్తవాటిలా పొంగాయి. చలి పైనుంచే గాక కిందినుంచీ వస్తుంది గనుక, పరుపు కింద మందపాటి జంపఖానా పరిచాం. మా అబ్బాజాన్ కరీంనగర్ నుంచి ఒక నల్ల గొంగడి పంపారు. దక్కనీ గొర్రెల ఉన్నితో చేత నేసి, చింతగింజల గంజి పట్టించినది. ముతకగా గుచ్చుకుంటుంది గాని, రజాయి మీద కప్పితే గాలి చొరబడదు. పాదాల దగ్గర ఒక వేడినీటి సంచి ఉంచాం.

ఇక ఎండ. శీతాకాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు. అందుకే దక్షిణపు కిటికీ తెరలు పగలంతా తీసి ఉంచి, అస్ర్ దాటగానే మూసేవాళ్లం. ఇంటి యజమాని అనుమతితో డాబా మీద ఒక నల్ల డ్రమ్ము పెట్టి నీళ్లు నింపాం. జుహ్ర్ వేళకు అవి గోరువెచ్చగా అయ్యేవి. స్నానాలన్నీ ఆ వేళకు మార్చుకున్నాం. గుడ్డలు కుక్కిన సందులలో ఒకదానిని, పైనున్న వెంటిలేటరును తెరిచే ఉంచాం.

గీజరు కట్టేసి, తెల్లవారుజామున ఒక్క బకెట్టు నీటిని వాటర్ హీటర్ రాడ్డుతో కాచుకున్నాం. ఇరవై లీటర్లను 15 డిగ్రీల నుంచి 40కి తేవడానికి అర యూనిట్ కంటే కాస్త ఎక్కువ చాలు. స్విచ్చి ఆపి, ప్లగ్ తీసేదాకా నీటిలో వేలు పెట్టకూడదన్నది మాత్రం ఇంట్లో కఠిన నియమం. ఆ బకెట్టు నలుగురి వుజూకు సరిపోయి మిగిలేది. కుళాయి విప్పి వదలకుండా లోటాతో పోసుకుంటే ఎంత తక్కువ నీరు పడుతుందో అప్పుడే తెలిసింది. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరు కూడా లేని నీటితో వుజూ చేసేవారని హదీసులు చెబుతున్నాయి. అత్తమ్మ కోసం తోలు మేజోళ్లు తెప్పించాం. పూర్తి వుజూతో వాటిని తొడుక్కుంటే, ఊళ్లో ఉన్నవారు ఒక పగలు, ఒక రాత్రి కాళ్లు కడగకుండా వాటిపై మసహ్ చేసుకోవచ్చు. షరీఅత్ ఇచ్చిన ఈ సౌలభ్యాన్ని వాడుకోవడానికి వృద్ధులు సంకోచించనక్కర లేదు.

ఫిబ్రవరిలో మీటరు చదివేందుకు వచ్చిన మనిషి చేతికిచ్చిన చీటీలో 152 యూనిట్లు, సున్నా బిల్లు. మావారు దానిని అత్తమ్మకు చూపించారు. ఆమె సంతోషించి, కాసేపాగి అడిగింది: “కింద గేటు దగ్గర పడుకునే ఆ ముసలాయనకు ఏముంది కప్పుకోవడానికి?”

మేము ఆ సంగతి ఎన్నడూ గమనించలేదు. రోజూ ఆయన పక్కనుంచే వచ్చిపోతున్నాం. మరుసటి వారం కరీంనగర్ నుంచి ఇంకో గొంగడి వచ్చింది. దాని వెల మాకు మిగిలిన డబ్బు కంటే కొంచెం ఎక్కువే అయింది. ఈ లెక్క మాత్రం నేను కాగితం మీద వేయలేదు.