బల్లమీది పువ్వు... గౌనెక్కింది!

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేముందు పలకరించి వెళ్లే ఊరు నరసాపురం. పశ్చిమగోదావరి జిల్లాలోని ఈ పట్టణం చుట్టుపక్కల పల్లెల్లో ఓ మధ్యాహ్నం అలా నడిచి చూడండి. వంటపని ముగించుకున్న ఆడవాళ్లు అరుగుల మీద చేరతారు. ఒళ్లో దారపుండ, చేతిలో కొక్కెంలాంటి చిన్న సూది. కబుర్లు కబుర్లే... పని పనే! సాయంత్రానికి తెల్లటి పువ్వులు గుట్టపడతాయి.

క్రోషే లేసు ఇక్కడికి 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. పీటలేసుకుని భోంచేసే ఇళ్లలో అల్లిన టేబుల్ కవర్లు, డాయిలీలు సముద్రాలు దాటి దొరల డైనింగ్ టేబుళ్లెక్కాయి. మరి అల్లినవాళ్లకు దక్కిందేమిటి? జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఇక్కడి మహిళలతో మాట్లాడి 1982లో ఓ పుస్తకమే రాశారు. రోజంతా కష్టపడే వాళ్లను 'తీరికవేళ అల్లుకునే గృహిణులు'గా లెక్కకట్టడంవల్లే కూలి అంత తక్కువని ఆమె తేల్చారు.

ఇప్పుడు బల్లలకు కవర్లేసే అలవాటు తగ్గింది. యంత్రాల మీద తయారయ్యే చవక లేసు పోటీకొచ్చింది. అందుకే సూది దారి మార్చింది. టాప్‌లు, గౌన్లు, పిల్లల ఫ్రాకుల మీదికి లేసు చేరింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కత్తెరకు ముందు...

మీ ఇంట్లోనూ అమ్మమ్మగారి పెట్టె అడుగున ఓ లేసు కవరు ఉండే ఉంటుంది. దాన్ని అమ్మాయికి ఫ్రాకుగా మార్చొచ్చు. కానీ తొందరపడి కత్తిరిస్తే అంతే సంగతులు! క్రోషేలో ఒక్క ముడి తెగినా దారం జారిపోతుంది.

ముందు గోరువెచ్చటి సబ్బునీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడలో పరిచి ఆరబెట్టాలి. తర్వాత తిరగేసి చూడండి. చాలా కవర్లలో పువ్వులు ఒకరు అల్లితే, వాటిని కలిపే అతుకుపని మరొకరిది. ఆ అతుకు దారాన్ని మాత్రమే విప్పితే పువ్వులు చెక్కుచెదరకుండా విడివడతాయి. వాటిని యోకుకో, చేతులకో, అంచుకో పెట్టి కుట్టుకోవచ్చు. కత్తిరించక తప్పదంటే, గీతకు రెండువైపులా మిషన్ కుట్టు వేశాకే కత్తెర పెట్టాలి.

లోపల లైనింగ్‌కు పలుచటి నూలుగుడ్డ మేలు. అన్నట్టు... ఇంగ్లిష్‌లో 'మడపోలం' అనే నూలుగుడ్డ ఉంది. ఆ పేరెక్కడిదో తెలుసా? నరసాపురాన్ని ఆనుకున్న మాధవాయిపాలెం! ఈస్టిండియా కంపెనీకి అప్పట్లో అక్కడో వర్తక స్థావరం ఉండేది. అంటే గుడ్డకు పేరిచ్చిందీ, దానిమీద పువ్వు పూయించిందీ ఒకే తీరమన్నమాట.

పాత కవరు విప్పుతూ కూర్చుంటే ఒక్కో పువ్వుకు ఎన్ని ముడులో అర్థమవుతుంది. ఈసారి కొత్త లేసు కొనేటప్పుడు బేరమాడబోయి ఆగిపోతే... అదీ మంచిదే!